వంతు కోసం ఆగే లాప్‌టాప్

"వైఫై గీతలు నిండుగా ఉన్నాయి సార్, అయినా లాప్‌టాప్ కనెక్ట్ కావడం లేదు, ఎందుకు?" అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. రీస్టార్ట్ చేయడం, పాస్‌వర్డ్ సరిచూడడం లాంటివన్నీ ఆమె చేసేసింది. అందుకే జవాబును హవాయి దీవుల దగ్గర మొదలుపెట్టాను.

హవాయి వెళ్లేముందు ఆ గీతల సంగతి. రూటరు మాట లాప్‌టాప్‌కు ఎంత గట్టిగా వినబడుతోందో మాత్రమే అవి చెబుతాయి. లాప్‌టాప్ మాట రూటరుకు చేరుతోందా, అసలు మాట్లాడే సందు ఉందా అన్నది వాటికి తెలియదు.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దూరంగా ఉన్న టెర్మినళ్లను రేడియోతో కంప్యూటరుకు కలిపింది. దాని పేరు అలోహానెట్. కంప్యూటరు వైపు వెళ్లడానికి అందరికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. మరి ఎవరు ఎప్పుడు మాట్లాడాలి? ఎవరినీ అడగక్కర్లేదు, పని పడినవాళ్లు పంపేయడమే! రెండు ప్యాకెట్లు, అంటే సమాచారపు మూటలు, గుద్దుకుంటే రెండూ పాడవుతాయి. 'అందింది' అన్న కబురు రాకపోతే మళ్లీ పంపాలి. ఫోనులో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, మళ్లీ ఒకేసారి "చెప్పండి" అంటారు చూడండి, ఇక్కడా అదే చిక్కు. దానికి వాళ్లు వేసిన మందు, ఒక్కొక్కరు తోచినంత సేపు, లెక్క లేకుండా, ఆగడం. ఈ పద్ధతిలో చానెల్ సామర్థ్యంలో 18 శాతానికి మించి వాడుకోలేం. అయినా పెత్తనం చేసేవాళ్లెవరూ లేకుండానే పని జరిగింది.

రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో ఈ ఆలోచననే తీగ మీదికి తెచ్చి ఈథర్‌నెట్ చేశాడు. అక్కడ మాట్లాడుతూనే వినొచ్చు, గుద్దుకున్న క్షణమే ఆపేయొచ్చు. రేడియోలో ఆ వీలు లేదు. తన సొంత గొంతు హోరులో దూరం నుంచి వచ్చే సన్నని సంకేతం వినబడదు. కాబట్టి వైఫై రూపొందించినవాళ్లు గుద్దుకోకముందే తప్పించే దారి వెతికారు.

నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే. లాప్‌టాప్ ముందు వింటుంది. చానెల్ ఖాళీ అయినా వెంటనే దూకదు, ఎందుకంటే ఖాళీ కోసం కాచుకున్నవాళ్లు ఇంకా ఉంటారు. 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకె తీసుకుని వెనక్కి లెక్కపెడుతుంది. ఒక్కో అంకెకు 9 మైక్రోసెకన్లు. మధ్యలో ఇంకొకరు మొదలుపెడితే లెక్క అక్కడే ఆగుతుంది, చెరిగిపోదు. వాళ్లు ముగించాక మిగిలిన చోటు నుంచే సాగుతుంది. అంటే ముందునుంచీ కాచుకున్నవాడికి మిగిలేది తక్కువ. వరస రాసుకునేవాళ్లు ఎవరూ లేరు, అయినా వంతు వస్తుంది! పంపింది అందకపోతే 15 కాస్తా 31, తర్వాత 63, అలా 1023 దాకా పెరుగుతుంది. రద్దీ పెరిగేకొద్దీ అందరి ఓపికా పెరుగుతుందన్నమాట.

తర్వాతి చరిత్ర వేగంగా నడిచింది. 1985లో అమెరికా కొన్ని ఫ్రీక్వెన్సీలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 1997లో సెకనుకు 2 మెగాబిట్ల తొలి వైఫై ప్రమాణం వచ్చింది. 1999లో యాపిల్ ఐబుక్‌తో వైఫై మామూలు జనం దాకా వచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005లో లైసెన్సు బెడద తీరింది.

ఇప్పుడు ఆ అమ్మాయి లాప్‌టాప్. ముందు పక్కనే ఫోను పెట్టి హాట్‌స్పాట్‌కు కలిపి చూడాలి. కలిస్తే లాప్‌టాప్ రేడియో బాగానే ఉన్నట్టు. పాత పాస్‌వర్డ్ దాచుకుని ఉంటే ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్‌గెట్' చేసి మళ్లీ కొట్టాలి. అదీ కాకపోతే అనుమానం రద్దీ మీదికి పోతుంది. కనెక్ట్ కావడమంటే ఒక మాట కాదు. పరిచయం, చేరిక, తాళంచెవి సరిచూసుకునే నాలుగు సందేశాలు, ఆపైన ఐపీ అడ్రస్, ప్రతిదానికీ వంతు కావాలి. సాయంత్రం అపార్ట్‌మెంటులో అన్ని రూటర్లూ మాట్లాడుతుంటే వీటిలో కొన్ని పోతాయి, లాప్‌టాప్ చేతులెత్తేస్తుంది.

ఈ రద్దీకి మందు రూటరు చానెల్ ఎంపికలో ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లు ఒకదానిపై ఒకటి పడవు. ఖాళీగా ఉందని 3 పెట్టుకోవడం మాత్రం తప్పు. 1లో ఉన్న పొరుగు రూటరుకు మీ మాట మాటలా కాక రొదలా చేరుతుంది, వంతుల మర్యాద సరిగ్గా సాగదు. అంతకన్నా 1లోనే చేరి పంచుకోవడం మేలు. లాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ ఉంటే అటు మారడం ఇంకా మేలు. అక్కడ చానెళ్లు ఎక్కువ. గోడలు దాటేసరికి ఆ తరంగం నీరసిస్తుంది కాబట్టి, రూటరును టీవీ వెనక మూల నుంచి తీసి ఇంటి నడుమ, కాస్త ఎత్తులో పెట్టాలి.