నాలుగు వరసల కచేరీ

అమిగా కంప్యూటర్లో వాడే ఫ్లాపీలో 880 కిలోబైట్లు పడతాయి. సీడీ నాణ్యతతో పాటను నింపితే ఐదు సెకన్లకే అది నిండిపోతుంది. పల్లవి ఎత్తుకునేలోపే చోటు అయిపోతుందన్నమాట. అయినా 1980ల చివర్లో యూరప్ కుర్రకారు నిమిషాల కొద్దీ సాగే పాటలు నాలుగైదు అలాంటి ఒక్క ఫ్లాపీలోనే సర్దుకుని, పోస్టులో స్నేహితులకు పంపుకునేవారు. దాన్ని సాధ్యం చేసిన సాధనం పేరు ట్రాకర్.

కంప్యూటర్ చేత సంగీతం పలికించడం అప్పటికి కొత్తేమీ కాదు. 1957లోనే బెల్ ల్యాబ్స్‌కు చెందిన మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాముతో ఐబీఎం 704 యంత్రం 17 సెకన్ల బాణీని లెక్కగట్టింది. అయితే అది గదిని ఆక్రమించే యంత్రం. 1985లో వచ్చిన కమోడోర్ అమిగా మాత్రం ఇంట్లో బల్లమీద ఇమిడేది. అందులోని పౌలా అనే చిప్ నాలుగు ధ్వనులను ఒకేసారి పలికించేది: రెండు ఎడమ స్పీకర్లో, రెండు కుడి స్పీకర్లో.

ఆ చిప్ కోసమే జర్మనీకి చెందిన కార్‌స్టెన్ ఒబార్‌స్కీ 1987లో అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ రాశాడు. పాట మొత్తాన్ని రికార్డు చేయనక్కర్లేదు, వాద్యానికి ఒక్క ముక్క చాలు. ఒక డ్రమ్ము దెబ్బ, ఒక తీగ మీటు. అంకెల రూపంలో దాచే ఈ ముక్కనే శాంపిల్ అంటారు. మిగతా పని వేగానిది. శాంపిల్‌లోని ఒక అంకెకూ తర్వాతి అంకెకూ మధ్య 428 గడియార స్పందనలు ఆగమంటే చిప్ ఒక స్వరం పలుకుతుంది. 214 చాలంటే అదే శాంపిల్ రెట్టింపు వేగంతో సాగి, షడ్జం తారషడ్జమైనట్టు పై స్థాయిలో మోగుతుంది.

తెర మీద ధ్వనికొకటి చొప్పున నాలుగు నిలువు వరసలు, ఒక్కో దానిలో 64 గళ్లు. గడిలో మూడు సంగతులు రాస్తారు: ఏ స్వరం, ఏ వాద్యం, ఏ అలంకారం. పాట నడుస్తుంటే గళ్లు కిందినుంచి పైకి జరుగుతుంటాయి. గడికి 4 బైట్లు, కాబట్టి ఈ నాలుగు వరసల పేజీ మొత్తం సరిగ్గా ఒక కిలోబైటు. నాలుగు గళ్లకు ఒక దెబ్బ చొప్పున వేసుకుంటే 16 దెబ్బలు, అంటే ఆదితాళంలో రెండు ఆవర్తనాలు. తర్వాతి ట్రాకర్లలో అలంకారం చోట 3 రాస్తే స్వరం జారుగా వెళ్తుంది, 4 రాస్తే కంపిస్తుంది.

నాలుగే వరసలు కావడం పెద్ద ఇబ్బంది. మూడు స్వరాలను కలిపి పలికిస్తే మూడు వరసలూ దానికే పోతాయి. అందుకే ఒకే వరసలో ఆ మూడింటినీ సెకనుకు 50 సార్లు మార్చి మార్చి పలికించే ఏర్పాటు చేశారు. చెవి వాటిని కలుపుకుని ఒక్క ధ్వనిగా వింటుంది. ఆనాటి పాటల్లో వినిపించే గలగల మెరుపు ఆ ఇరుకులోంచి పుట్టిందే.

అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అంగట్లో నిలదొక్కుకోలేదు. కానీ ఔత్సాహికులు దాన్ని విప్పి, మెరుగుపరచి, 15 వాద్యాలను 31 చేశారు. 1989లో నాయిస్‌ట్రాకర్, 1990లో ప్రోట్రాకర్ వచ్చాయి. 1994లో స్వీడన్ కుర్రాళ్ల ఫాస్ట్‌ట్రాకర్ 2 పీసీల మీద పేరు తెచ్చుకుంది.

నా దృష్టిలో ట్రాకర్ చేసిన అసలు మేలు పొదుపు కాదు. ఎంపీ3లో పాట వినిపిస్తుందే గాని, దాన్ని ఎలా కట్టారో కనిపించదు. ట్రాకర్ దాచే మాడ్ ఫైలులో వాద్యాల శబ్దాలూ స్వరలిపీ రెండూ ఉంటాయి. నచ్చిన పాటను తెరిచి, మూడు వరసల నోరు మూయించి, నాలుగోది ఒక్కటే వినవచ్చు. ఏ గడిలో దెబ్బ పడిందో, ఎక్కడ స్వరం జారిందో చూడవచ్చు. సంగీతం బడి ముఖం చూడని పిల్లలెందరో అలా ఒకరి పాట చూసి మరొకరు నేర్చుకున్నారు. పాటే పాఠమైంది.

ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది. ఓపెన్ఎంపీటీ అనే ట్రాకర్ ఉచితంగా దొరుకుతుంది, పాత ల్యాప్‌టాప్ చాలు. స్టీలు పళ్లెం మీద చెంచాతో ఒక్క దెబ్బ కొట్టి ఫోనులో రికార్డు చేయండి. దాన్ని మొదటి గడిలో ఉంచి, నాలుగు గళ్ల కింద పై స్థాయిలో మరోసారి రాసి, వినండి. మీ వంటింటి పళ్లెం సరిగమలు పలుకుతుంది.