ఇంటి ముంగిటే విజ్ఞాన సాధన – ఎనిమిదో తరగతి విద్యార్థికి ఉపకార వేతన భరోసా

ఆదిలాబాద్: జిల్లాలో పత్తి ఏరే పనులు ముమ్మరంగా సాగే నవంబరు, డిసెంబరు మాసాలలోనే సాధారణంగా ఎనిమిదో తరగతి విద్యార్థులకు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష జరుగుతుంది. ఇంటిల్లిపాదీ చేను బాట పట్టే ఈ కాలంలో చదువుకునే పిల్లల చేతులు కూడా పనికి అవసరమవుతాయి. పిల్లవాణ్ణి తొమ్మిదో తరగతికి పంపాలా, మాన్పించాలా అని నిరుపేద కుటుంబాలు తర్జనభర్జన పడే దశ కూడా ఇదే. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోకుండా చూడాలన్న ఆశయంతోనే కేంద్ర ప్రభుత్వం 2008లో ఈ పథకాన్ని ప్రారంభించింది. పరీక్షలో ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు నాలుగేళ్లపాటు ఏటా 12,000 రూపాయలు, అంటే మొత్తం 48,000 రూపాయలు అందుతాయి. ప్రారంభంలో ఏటా 6,000 రూపాయలుగా ఉన్న ఈ మొత్తాన్ని 2017లో రెట్టింపు చేశారు.

ఎవరు అర్హులు?

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో చదువుతూ, తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలకు మించని విద్యార్థులు ఈ పరీక్షకు అర్హులు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 5 శాతం సడలింపు ఉంది. కేంద్రీయ, నవోదయ విద్యాలయాల విద్యార్థులకు, వసతి, భోజనంతో కూడిన రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు ఈ పథకం వర్తించదు. కనుక పరీక్ష రాసేవారిలో అత్యధికులు ప్రతి సాయంత్రం ఇంటికి చేరుకునే పిల్లలే. వారి సాధన ఇంటి వద్ద సాగవలసిందే.

పరీక్ష స్వరూపం

పరీక్షలో రెండు భాగాలుంటాయి. మానసిక సామర్థ్య పరీక్షలో 90 ప్రశ్నలు, విద్యా సామర్థ్య పరీక్షలో 90 ప్రశ్నలు ఇస్తారు. ఒక్కో భాగానికి 90 నిమిషాల వ్యవధి ఉంటుంది. విద్యా సామర్థ్య పరీక్షలో విజ్ఞానశాస్త్రానికి 35, సాంఘికశాస్త్రానికి 35, గణితానికి 20 ప్రశ్నలు కేటాయించారు. ఇవి ఏడు, ఎనిమిది తరగతుల పాఠ్యాంశాల నుండి వస్తాయి. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. రెండు భాగాలలో కలిపి కనీసం 40 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగల వారు 32 శాతం మార్కులు సాధించవలసి ఉంటుంది.

మానసిక సామర్థ్య పరీక్షకు తరగతి గదిలో ప్రత్యేకమైన పాఠ్యపుస్తకం లేదు. బొమ్మల వరుసలో తరువాతి బొమ్మను గుర్తించడం, అద్దంలో ప్రతిబింబాన్ని ఊహించడం, మడిచిన కాగితానికి చిల్లు పెడితే విప్పిన తరువాత ఎలా కనిపిస్తుందో చెప్పడం వంటి ప్రశ్నలను మొదటిసారి చూసిన విద్యార్థి తెలివైనవాడైనా తడబడతాడు. ఐదో తరగతి విద్యార్థులు రాసే నవోదయ ప్రవేశ పరీక్షలోనూ 80 ప్రశ్నలకు గాను 40 ప్రశ్నలు పూర్తిగా బొమ్మలతోనే ఉంటాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో కాగజ్‌నగర్, కరీంనగర్ జిల్లాలో చొప్పదండి నవోదయలకు దారి ఈ పరీక్షే.

భాష అడ్డురాని ప్రశ్నలు

గోండి, కొలామి మాట్లాడే ఇళ్ల పిల్లలకు బొమ్మల ప్రశ్నలు ఒక అవకాశం. 1917లో అమెరికా సైన్యం చదవనేరని వారిని, ఆంగ్లం రాని వారిని పరీక్షించడానికి చిత్రాల పరీక్షను వినియోగించింది. 1938లో బ్రిటన్‌కు చెందిన జాన్ రావెన్ బొమ్మలో లోపించిన భాగాన్ని గుర్తించే పరీక్షను వెలువరించారు. పదాలతో పనిలేని ఈ ప్రశ్నలను ఏ భాషలోనైనా ఆలోచించి పరిష్కరించవచ్చు. ఇంటి భాష చదువుకు బలమన్న సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1940వ దశకంలోనే హైమన్‌డార్ఫ్ మార్గదర్శకత్వంలో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, గోండి వాచకాలను రూపొందించారు. అక్షరం రాని తల్లి అయినా తన భాషలో "ఇది ఎందుకు ఇలా అయింది?" అని అడిగితే చాలు, అది పిల్లలకు సాధనే అవుతుంది.

ఇంటిలో చేయదగిన అభ్యాసాలు

వాకిట్లో చుక్కల ముగ్గును తల్లి సగం వేసి, మిగతా సగాన్ని పిల్లలచేత పూర్తి చేయించవచ్చు. దీనివల్ల సౌష్ఠవం బోధపడుతుంది. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లున్న చదరంలో మొత్తం చదరాలు ఎన్ని అని అడిగితే చాలామంది తొమ్మిది అంటారు. చిన్నవి తొమ్మిది, నాలుగేసి గళ్లవి నాలుగు, పెద్దది ఒకటి కలిపితే పద్నాలుగు. నాలుగున్నర గంటలు చూపే గడియారం అద్దంలో ఏడున్నరగా కనిపిస్తుంది. కాగితాన్ని రెండుసార్లు సగానికి మడిచి ఒక చిల్లు పెడితే, విప్పినప్పుడు నాలుగు చిల్లులుంటాయి. అవి ఎక్కడెక్కడ వస్తాయో విప్పడానికి ముందే గీయించాలి.

విజ్ఞానశాస్త్రానికీ ఇంటి వస్తువులే పరికరాలు. పసుపు రాసి ఆరబెట్టిన కాగితంపై సబ్బు నీరు పడితే ఎర్రబడుతుంది. నిమ్మరసం పడితే పసుపుగానే ఉంటుంది. క్షారాలు, ఆమ్లాల పాఠం ఇదే. అడుగున చిల్లులున్న రెండు సీసాలలో ఒకదానిలో నల్లరేగడి, మరొకదానిలో ఇసుక నింపి సమానంగా నీరు పోస్తే, ఇసుక నుండి నీరు త్వరగా కారిపోతుంది, రేగడి చాలాసేపు పట్టి ఉంచుతుంది. వర్షాధారపు పత్తికి రేగడి నేల ఎందుకు అనువైనదో విద్యార్థి తానే చెప్పగలుగుతాడు. ఎండాకాలంలో చల్లబడే మట్టి కుండ నీరు బాష్పీభవనాన్ని బోధిస్తుంది.

ప్రతి అభ్యాసంలోనూ ముందు ఊహ, తరువాత పరీక్ష, ఆపై కారణం అనే క్రమాన్ని పాటించాలి. తప్పు ఊహించిన పిల్లలను మందలించరాదు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. పురుగుమందుల డబ్బాలు, సీసాలను ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ అభ్యాసాలకు వాడరాదు. నిప్పు, విద్యుత్తుతో కూడిన ప్రయోగాలను పాఠశాలలో ఉపాధ్యాయుల సమక్షంలోనే చేయాలి.

ఎంపిక తరువాత

ఎంపికైన విద్యార్థి పేరును జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ తరువాత ఏటా పునరుద్ధరించుకోవాలి. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో, పాఠశాల రికార్డులో పేరు ఒకే విధంగా ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా సొమ్ము జమ కావడంలో చిక్కులు తలెత్తవచ్చు. గడువు దాటితే, కష్టపడి సాధించిన ఆ ఏటి మొత్తం చేజారే ప్రమాదముంది. ఆదాయ, కుల ధ్రువపత్రాల జారీలో రెవిన్యూ సిబ్బంది, నమోదులో ప్రధానోపాధ్యాయులు సకాలంలో స్పందించవలసి ఉంది.

పత్తి చేను నుండి సాయంత్రం ఇంటికి చేరిన తల్లిదండ్రులు పిల్లల పక్కన ఇరవై నిమిషాలు కూర్చోగలిగితే, దానికి పైసా ఖర్చు లేదు. ఈ సమాచారం మారుమూల గూడేనికి దరఖాస్తు గడువుకు ముందే చేరేలా చూడవలసిన బాధ్యత అధికారులపైన, పాత్రికేయులపైన ఉంది.