ప్రాచీన పాఠములు – కంప్యూటరున విశేషచిహ్నముల లేఖనము

ప్రాచీనకావ్యములను కంప్యూటరున కెక్కించుట ముద్రణకొఱకు మాత్రమే కాదు. పదసూచికలు, ప్రయోగసూచికలు, ఛందోవిచారము మున్నగునవి ఆ పాఠముపైననే ఆధారపడును. కావున సున్న, విసర్గము, దండము, అవగ్రహము ఎట్లు లిఖింపబడుచున్నవో పరిష్కర్త గమనింపవలెను.

కంటికి ఒక్కటిగా తోచు గుర్తులు యంత్రమునకు ఒక్కటి కావు. యూనికోడ్ విధానమున ప్రతి గుర్తునకును ఒక సంఖ్య కలదు. దశాంశగణనమున నిండుసున్నకు 3074, తెలుగు అంకె సున్నకు 3174. రెండును వృత్తములే. ‘మందారము’ అనుచోట సున్నకు మాఱుగా అంకె పడినచో చదువరి గుర్తింపడు. కాని వెదకినపుడు ఆ పదము దొరకదు. గణవిభజన చేయు యంత్రమునకు తొలి యక్షరము గురువు గాక లఘువుగా తోచును. నిర్దుష్టమైన పద్యమునకు గణభంగము ఆరోపింపబడును.

విసర్గముసంఖ్య 3075. దానికి బదులు న్యూనబిందువును (58) కొట్టుట మిక్కిలి వ్యాప్తిలో నున్న దోషము. అప్పుడు ‘దుఃఖము’ సూచికలో రెండు ముక్కలుగా విఱుగవచ్చును.

అరసున్నసంఖ్య 3073. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. వెదకుట సులభమగునని అరసున్నలను విడిచిపెట్టవచ్చునని కొందఱు తలంపవచ్చును. ఉన్న గుర్తును వెదకునపుడు ఉపేక్షించునట్లు యంత్రమును నియమింపవచ్చును; విడిచిన గుర్తును మూలప్రతిని మఱల చూడక ఉద్ధరింపజాలము. కావున దానిని నిలుపుటయే యుక్తము.

దండములకు తెలుగు విభాగమున ప్రత్యేకస్థానము లేదు. దేవనాగరి విభాగమందలి 2404, 2405 సంఖ్యలే తెలుగునకును వర్తించును. ఇది తెలియక పలువురు నిలువుగీతను (124) వాడుచున్నారు. తెలుగు అవగ్రహము (3133) యూనికోడ్‌లో చేరినది 2008లో. అంతకు పూర్వపు పాఠములలో దాని స్థానమున వేఱుగుర్తు లుండవచ్చును గాన వానిని పరీక్షించియే గ్రహింపవలెను.

ఇన్‌స్క్రిప్ట్ మీటలపలకలో నిండుసున్న గల మీటనే షిఫ్ట్‌తో నొక్కిన అరసున్న వచ్చును. మీటలపై లేని గుర్తును విండోస్‌నందలి వర్డ్‌లో ఆల్ట్ మీటను అదిమిపట్టి, కుడివైపు అంకెలమీటలపై దాని సంఖ్యను కొట్టి పొందవచ్చును.

లేఖనము ముగిసిన పిమ్మట 3174, 58, 124 సంఖ్యల గుర్తులను వెదకి, ఒక్కొక్కచోటును చూచి సవరింపవలెను. అన్నిటిని ఒక్కమాఱుగా మార్చరాదు. నిజముగా న్యూనబిందువు ఉండవలసిన తావులును ఉండును. ఏ గుర్తునకు ఏ సంఖ్య వాడబడినదో పీఠికలో చెప్పుట మంచిది. తాళపత్రలేఖకుని స్ఖాలిత్యము కంటికి కనబడును గాన దిద్దుకొంటిమి. ఈ స్ఖాలిత్యము కంటికి కనబడదు గాన లిఖించునపుడే జాగరూకత వహింపవలెను.