వానపాముల తొట్టిలో నల్లి పడితే



వంటింటి చెత్తతో వానపాముల ఎరువు చేసికొనేవాళ్ళు ఇప్పుడు అపార్టుమెంటుల్లో కూడా కనిపిస్తున్నారు. రెండు మూడు నెలలు అంతా సవ్యంగానే జరుగుతుంది. ఒకనాడు మూత తీసేసరికి తొట్టి అంచుల వెంబడి, తొక్కల మీద, తవుడు చల్లినట్టు సన్నటి పురుగులు కదులుతూ ఉంటాయి. ఇంట్లోవాళ్ళు "అవతల పారెయ్యి" అంటారు. మనమేమో బొద్దింకల మందు అందుకొంటాం. అక్కడే ఆగండి! ఆ మందు నల్లితోపాటు వానపామునూ చంపుతుంది. వానపాము చర్మంతోనే ఊపిరి పీల్చే ప్రాణి కదా, ఒంటికి తగిలిన విషం ఊరికే పోదు.

నల్లి అంటే మంచాల్లో కుట్టే నల్లి కాదు లెండి. దానికి కాళ్ళు 6, దీనికి 8. ఇది సాలెపురుగుల వర్గానికి చెందింది. ఆవగింజకన్నా చిన్నది. తెల్లగానో గోధుమరంగులోనో ఉండే రకం కుళ్ళే తొక్కల్ని తింటుందే గాని బతికున్న పాముల జోలికి పోదు. కొద్దిగా ఉంటే ఉండనివ్వండి, అవీ చెత్తను తినిపెట్టేవే. మరీ పెరిగితే మాత్రం పాములు పైకి రావడం మానేసి అడుక్కి పోతాయి, మేత ముట్టవు. ఎర్రటి రకం కనిపిస్తే వెంటనే జాగ్రత్తపడాలి. అది పాములనే పీడిస్తుందంటారు.

అసలివి ఎందుకొస్తాయి? తడి ఎక్కువై, మేత ఎక్కువై, తొట్టి పులిసినప్పుడు. వేసవిలో పుచ్చకాయ తొక్కలు, మామిడి టెంకలు, మెత్తబడిన టమాటాలు ఒకేసారి కుమ్మరిస్తాం. వర్షాకాలంలో జల్లు పడుతూనే ఉంటుంది, మనం నీళ్ళు చల్లడం మానం. గుప్పెడు ఎరువు తీసి గట్టిగా పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపడా తడి. ధారగా కారిందా, అదే నల్లికి పుట్టిల్లు.

మందు కూడా వంటింట్లోనే ఉంది. మేత, నీళ్ళు మానేయండి. మూత కాస్త వారగా పెట్టి గాలి తగలనివ్వండి. ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో కలిపి పైపైన తిరగబెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు ఒక పుచ్చకాయ చెక్కను, ఎర్రటి వైపు కిందికి వచ్చేలా, ఎరువు మీద పెట్టండి. పుచ్చకాయ దొరకని రోజుల్లో తడిపిన రొట్టె ముక్కయినా చాలు. తెల్లారేసరికి నల్లి దానికి అంటుకొని ఉంటుంది. మెల్లగా ఎత్తి వేడినీళ్ళలో పడేయండి. పాము ఏదైనా అతుక్కొని వస్తే ముందు తీసి తొట్టిలో వేయడం మరవకండి. నాలుగైదు రాత్రులు ఇలా చేస్తే బాగా తగ్గుతాయి. పులుపు విరగడానికి ఎండబెట్టిన గుడ్డు పెంకుల పొడి చెంచాడు చల్లవచ్చు. కిళ్ళీ సున్నం మాత్రం వద్దమ్మా, ఘాటుకి పాములు కాలిపోతాయి.

చీమల సంగతి దీనికి తలకిందులు. తొట్టి ఎండితేనే అవి చేరతాయి. పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెడతాం చూశారూ, అదే కిటుకు. తొట్టిని ముక్కాలి పీట మీద ఎక్కించి, ప్రతి కాలికీ నీళ్ళ గిన్నె పెట్టండి. ఆ నీళ్ళు రెండు రోజులకొకసారి మార్చకపోతే దోమలు పెరుగుతాయి, ఆ పాపం మనకెందుకు?

సన్న ఈగలు ముసిరితే తొక్కల్ని పైన వదలకుండా ఎరువులో పూడ్చి కొబ్బరి పీచు కప్పండి. జెర్రి కనిపిస్తే పట్టుకారుతో తీసేయాల్సిందే, అది పాముల్ని తింటుంది. ఉప్పు, నూనె తగిలిన కూరలు, ఊరగాయ అడుగులు ఎప్పుడూ వేయకండి.

నల్లి తగ్గాక మళ్ళీ గుప్పెడు తొక్కలతోనే మొదలుపెట్టండి. అవి ఎరువులో కలిసి కనబడకుండా పోయాకే రెండో గుప్పెడు.