తెర పెద్దదైతే... మోత కూడా!

ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిందంటే ఇంట్లో మొదలయ్యే తొలి చర్చ లాప్‌టాప్ గురించే. సినిమాలు బాగా కనిపిస్తాయని అబ్బాయి, ‘ఎలాగూ ఇంత డబ్బు పోస్తున్నాం, కాస్త పెద్దదే తీసుకుందాం’ అని నాన్న... ఓట్లన్నీ పెద్ద తెరకే. నాలుగేళ్లు మోయాల్సిన భుజాల్ని మాత్రం ఎవరూ అడగరు!

పొద్దున్నే కాచిగూడ స్టేషన్‌కెళ్లి చూడండి. 1916లో నిజాం జమానాలో కట్టిన ఆ ప్లాట్‌ఫారాల మీద ఒకప్పుడు ట్రంకుపెట్టెలూ హోల్డాళ్లూ కనిపించేవి. ఇప్పుడు ఎంఎంటీఎస్ కోసం నిలబడ్డ కుర్రాళ్లలో వీపున బ్యాగు లేనివాళ్లు అరుదు. రద్దీలో హైటెక్ సిటీ దాకా నిలబడి వెళ్లేవాళ్లకు బ్యాగులో పెరిగే ప్రతి వంద గ్రాములూ లెక్కే.

అంగుళాల మాయ

14, 15.6, 17.3... ఈ అంకెలన్నీ తెర మూల నుంచి మూలకు కొలిచినవి. అందుకే చూడ్డానికి తేడా కొంచెమే అనిపిస్తుంది. వైశాల్యం లెక్కేస్తే అసలు సంగతి తెలుస్తుంది. 14 అంగుళాల తెరకన్నా 15.6 అంగుళాలది దాదాపు 24 శాతం పెద్దది. 17.3 అయితే సగానికి పైగా ఎక్కువ. అయితే, తెర పెద్దదైనంత మాత్రాన అందులో ఎక్కువ విషయం పడుతుందనుకుంటే పొరపాటే. అది తేల్చేది రిజల్యూషన్. 1366x768 ఉన్న పెద్ద తెరలో అక్షరాలు లావుగా కనిపిస్తాయి తప్ప ఒక్క వరుస కూడా అదనంగా రాదు. 1920x1080 ఉన్న 14 అంగుళాల తెరలో దానికి దాదాపు రెట్టింపు చుక్కలుంటాయి. కాబట్టి షాపులో అంగుళాలతో పాటు ఆ అంకె కూడా అడగాల్సిందే.

అడాప్టర్‌నీ తూచాలి

మామూలు 14 అంగుళాల లాప్‌టాప్ కిలోన్నర అటూఇటూ ఉంటుంది. 17.3 అంగుళాల గేమింగ్ రకమైతే రెండున్నర కిలోలు దాటడం మామూలే. దాని అడాప్టర్ ఇటుకరాయంత! అదొక్కటే అరకిలో పైన తూగొచ్చు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం పుస్తకాల సంచీ పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. అది బడిపిల్లల కోసం పెట్టిన నియమమే అయినా, కాలేజీ పిల్లలకూ పనికొచ్చే కొలతే. యాభై కిలోల అమ్మాయికి ఐదు కిలోలే హద్దు. అందులో మూడు కిలోలకు పైగా లాప్‌టాపే తినేస్తే పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా ఎక్కడ పెట్టాలి?

పెద్ద తెర మోజు కంపెనీలకూ ఉండేది. యాపిల్ 2003లో తెచ్చిన 17 అంగుళాల పవర్‌బుక్ మూడు కిలోల పైమాటే. 2006లో డెల్ ఏకంగా 20.1 అంగుళాల యంత్రాన్ని తెచ్చింది. దాని బరువు ఎనిమిది కిలోలు దాటింది. ఒళ్లో పెట్టుకునే కంప్యూటర్‌ని ఒళ్లోంచి దించేసినట్టే అయింది! 2012లో యాపిల్ 17 అంగుళాల రకాన్ని ఆపేసింది. 2019లో ఎల్‌జీ 17 అంగుళాల గ్రామ్‌ని 1.34 కిలోలకే తేగలిగింది. పెద్దది తేలిగ్గానూ ఉండొచ్చన్నమాట. కాకపోతే ఆ తేలికదనమంతా ధరలో కనిపిస్తుంది.

బ్యాటరీ కథ

పెద్ద డబ్బాలో పెద్ద బ్యాటరీ పడుతుంది. కానీ పెద్ద తెర దాన్ని అంతే వేగంగా ఖాళీ చేస్తుంది. 2023లో వచ్చిన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 66.5 వాట్ అవర్ల బ్యాటరీ ఉంటే, అదే చిప్‌తో వచ్చిన 13 అంగుళాల దాంట్లో ఉన్నది 52.6. అయినా రెండింటికీ కంపెనీ చెప్పింది ఒకే మాట... 18 గంటలు!

ఇంకా పెద్ద బ్యాటరీ పెట్టొచ్చుగా అంటారా? విమాన ప్రయాణాల్లో వంద వాట్ అవర్లు దాటిన బ్యాటరీకి ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. అందుకే పెద్ద లాప్‌టాప్‌లు కూడా ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లే పిల్లలు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇది.

ఎవరికి ఏది?

కాచిగూడ బద్రుకా కాలేజీలాంటి చోట కామర్స్ చదివేవాళ్లకు, సీఏ విద్యార్థులకు 15.6 అంగుళాలది అనువు. చాలావాటిలో కుడివైపు అంకెల మీటలు విడిగా ఉంటాయి. ఎక్సెల్, ట్యాలీ పని చకచకా సాగుతుంది. కాకపోతే అక్షరాల మీటలు ఎడమకు జరుగుతాయి. టైపింగే ఎక్కువైతే అది చిరాకే.

వీడియో ఎడిటింగ్, డిజైనింగ్, ఆటలు... ఇవి ముఖ్యమై, యంత్రం గదిలోనే ఉండేటట్టయితే పెద్దదే మంచిది. ఇంట్లో బల్ల మీద పెట్టి అందరూ వాడుకుంటారా? చత్వారం వచ్చిన నాన్నకూ పెద్ద అక్షరాలు హాయి.

రోజూ మోసేవాళ్లకు, హాస్టల్ మంచమే బల్ల అయినవాళ్లకు 14 అంగుళాలు చాలు. పెద్ద తెర కోరిక తీరాలంటే గదిలో 24 అంగుళాల మానిటర్ పెట్టుకోవచ్చు. 14 అంగుళాల తెరకు అది దాదాపు మూడింతలు. పైగా తలెత్తి చూడొచ్చు కాబట్టి మెడకూ మేలు. లాప్‌టాప్ మారినా మానిటర్ మిగులుతుంది.

కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. అబిడ్స్‌లో కొన్నా, కోఠీలో కొన్నా రోజూ వాడే బ్యాగుని షాపుకి తీసుకెళ్లండి. 15.6 అంగుళాలకు కుట్టిన సంచుల్లో 17.3 అంగుళాలది పట్టదు. లాప్‌టాప్, అడాప్టర్ రెండూ అందులో పెట్టి, అబ్బాయి చేతో అమ్మాయి చేతో భుజాన వేయించి పది నిమిషాలు నడిపించండి. దుకాణదారు చెప్పేది తెర గురించి. భుజం చెప్పేది మిగతాదంతా!