తంగేడు పూలన్నీ తెంపకండి!

భాద్రపద అమావాస్య దగ్గరపడిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పల్లెల్లో పిల్లలు సంచులు పట్టుకుని తంగేడు పూలకు బయలుదేరతారు. ఒకప్పుడు ఊరు దాటితే చాలు, చెలక గట్ల మీద, బండల సందుల్లో పసుపు ఆరబోసినట్లు తంగేడు విరబూసి ఉండేది. ఇప్పుడు పూల కోసం చాలా దూరం నడవాల్సి వస్తోంది. పట్టణాల్లోనైతే బతుకమ్మకు తంగేడును డబ్బిచ్చి కొనాల్సిందే.

2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. అయినా దానిని నాటి పెంచేవారు అరుదు. దానంతట అదే మొలుస్తుందిలే అన్న ధీమా! గట్లు చదునై పొలంలో కలిసిపోతున్నాయి. బీళ్లు సాగులోకి వస్తున్నాయి. మిగిలిన పొదలనేమో పండుగకు కొమ్మలతో సహా విరిచేస్తున్నాం. పూలన్నీ పోతే కాయ ఉండదు. కాయ లేనిదే గింజ లేదు. గింజ లేకపోతే కొత్త మొక్క ఎక్కడిది?

ఇవీ గుర్తులు

పసుపు పూలు పూసినదల్లా తంగేడు కాదు. తంగేడు గట్టి కొమ్మలున్న పొద. మనిషెత్తు, అంతకు మించి కూడా పెరుగుతుంది. ఒక్కో ఈనెకు 8 నుంచి 12 జతల చిన్న ఆకులుంటాయి. వాటి కొనలు గుండ్రంగా ఉంటాయి. ఈనె మొదట్లో చెవి ఆకారంలో రెండు చిన్న రేకులుంటాయి. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులో 'ఆరిక్యులేటా' అంటే చెవులున్నదని అర్థం. కాయ పలచగా, బద్దలా ఉండి, ఎండితే కాగితంలా గలగలమంటుంది.

కసిందకూ పసుపు పూలే. కాని దాని ఆకుల కొనలు సూదిగా ఉంటాయి. జతలు నాలుగైదే. ఆకు నలిపితే చెడువాసన వస్తుంది. కసింద గింజలు పిల్లలు తింటే ప్రాణాపాయం. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పిల్లల మరణాలకు ఈ గింజలే కారణమని 2007లో వైద్యులు వెల్లడించారు. కనుక గింజలు సేకరించేటప్పుడు పిల్లలకు ఈ తేడా చూపించాలి.

పెంచే పద్ధతి

చెట్టు మీదే ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయలను కోసి గింజలు తీయాలి. గింజ పైపొర గట్టిది. అలాగే చల్లితే చాలా గింజలు మొలవవు. నీళ్లు మరగబెట్టి పొయ్యి మీది నుంచి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా ఉంచాలి. తెల్లవారేసరికి ఉబ్బినవి విత్తడానికి సిద్ధమైనట్లే. ఉబ్బని వాటిని గరుకు రాయిపై కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టవచ్చు.

తొలకరి పదునులో గట్టు మీద మూడు, నాలుగు అడుగులకొక చోట అరంగుళం లోతున రెండేసి గింజలు పెడితే చాలు. ఎర్రనేలైనా, గరపనేలైనా పరవాలేదు. నీరు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. మొదటి ఎండాకాలం అప్పుడప్పుడు చెంబెడు నీళ్లు పోస్తే బతుకుతుంది. వేరు లోతుకు దిగిన తర్వాత వానే దానికి ఆధారం. పశువులు సాధారణంగా దీన్ని ముట్టవు. నరికినా మళ్లీ చిగురిస్తుంది.

పూలు ఒక్కటే కాదు

తంగేడు మండలను పొలంలో తొక్కి పచ్చిరొట్టగా వాడటం మన పెద్దలు ఎరిగినదే. దాని బెరడుతో తోళ్లు పదును చేసేవారు. పుల్లతో పళ్లు తోముకునేవారు. గట్టున ఉంటే వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతుంది. బడి ఆవరణలో, ఇంటి ముందు నాటుకుంటే నీటి ఖర్చు లేని పూలమొక్క అవుతుంది.

ఈసారి పూలకు వెళ్లినప్పుడు కొమ్మలు విరవకుండా పూల గుత్తులే కోయండి. ప్రతి పొదకూ నాలుగు గుత్తులు గింజ కోసం వదలండి. ఆ గింజలను వచ్చే తొలకరిలో మీ గట్టునే విత్తితే, కొన్నేళ్లకు మీ ఇంటి బతుకమ్మకు పూలు గుమ్మం ముందే దొరుకుతాయి.