తాటి దూలమూ, లెక్కల యంత్రమూ

పిల్లలూ! మన సత్తుపల్లి చుట్టుపక్కల పొలాలకు పోయే దారుల్లో పంటకాలువలు దాటటానికి తాటి దూలాలు వేసి ఉంటవి. మీలో చాలామంది వాటిమీద నడిచే ఉంటారు. మధ్యకు వచ్చేసరికి దూలం కాస్త కిందికి వంగుతుంది. అవతలి ఒడ్డు దగ్గరపడేసరికి మళ్ళీ గట్టిగా ఉన్నట్టు తోస్తుంది. ఆ దూలం మీద మీరు నిలబడితే మీ బరువు ఎటు పోతుంది? కాలువలోకి పోదు గదా! రెండు ఒడ్లలోకీ పోతుంది. ఏ ఒడ్డుకు ఎంత పోతుందో చెప్పగలరా? చెప్పగలిగితే, ఈనాడు ఇంజనీర్లు మేడలకూ వంతెనలకూ లెక్కలు కట్టే కంప్యూటరు పద్ధతిలో మీరు మొదటి మెట్టు ఎక్కినట్టే.

దూలం పొడవు 4 మీటర్లు అనుకోండి. దూలం సొంత బరువును ప్రస్తుతానికి పక్కన పెడదాం. 40 కిలోల బరువున్న కుర్రవాడు సరిగా మధ్యలో నిలబడితే చెరొక ఒడ్డుకూ 20 కిలోలు. వాడు ఎడమ ఒడ్డుకు ఒక మీటరు దూరంలో నిలబడితే ఎడమ ఒడ్డుకు 30, కుడి ఒడ్డుకు 10. దగ్గరి ఒడ్డే ఎక్కువ మోస్తుందన్నమాట. తక్కెడ సూత్రం తెలిసినవాడెవడైనా ఈ లెక్క కట్టగలడు. రెండు ఒడ్లూ మోసేది కలిపితే 40 కావాలి. కాకపోతే లెక్క తప్పు. ఈ కూడికను మరిచిపోకండి, దీనితో ముందు ముందు చాలా పని ఉన్నది.

ఇప్పుడు కాలువ కాస్త వెడల్పయిందనుకోండి. 8 మీటర్ల దూలం వేసి, వంగకుండా సరిగా మధ్యలో ఒక గుంజ పాతారు. దూలం పొడుగునా మీటరుకు 20 కిలోల చొప్పున ఇసుక పరిచారు. మొత్తం 160 కిలోలు. రెండు ఒడ్లూ, మధ్య గుంజా ఎంతెంత మోస్తవి? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే సాధారణంగా వచ్చే జవాబు 40, 80, 40. అది సబబుగానే కనిపిస్తుంది. కాని నిజమైన జవాబు 30, 100, 30!

ఎందుకంటారా? దూలాన్ని గుంజ మీద రెండు ముక్కలుగా కోసి ఉంటే మీరన్నది నిజమే అయ్యేది. కోయలేదు గనక ఒక ముక్క రెండవ ముక్కను గట్టిగా పట్టుకుని ఉన్నది. గుంజ మీద దూలం విల్లులాగా పైకి ఉబ్బి నిలుస్తుంది. అందువల్ల ఒడ్ల మీది బరువు తగ్గి, గుంజ మీది బరువు పెరుగుతుంది. తక్కెడ సూత్రం ఒక్కటే ఇక్కడ చాలదు. దూలం ఎంత బిరుసుగా ఉన్నది, ఎక్కడెక్కడ ఎంత వంగుతుంది అనేది కూడా చూడాలి. మొత్తం కూడితే మాత్రం 160 వస్తుంది, చూసుకోండి.

మూడు ఆధారాలకే ఇంత చిక్కు ఉంటే, ఒక మేడకు ఎంత ఉంటుంది! 12 స్తంభాలు, రెండు అంతస్తులు ఉన్న మామూలు ఇంటిని తీసుకోండి. స్తంభమూ దూలమూ కలిసే చోటును కణుపు అందాం. పునాది దగ్గరివి కదలవు. మొదటి కప్పు దగ్గర 12, రెండవ కప్పు దగ్గర 12, మొత్తం 24 కణుపులు. ఒక్కొక్క కణుపు మూడు దిక్కులకు జరగగలదు, మూడు విధాలుగా తిరగగలదు. అంటే ఆరు తెలియని సంఖ్యలు. 24ను ఆరుతో గుణిస్తే 144. పదవ తరగతిలో రెండు తెలియని సంఖ్యలకు రెండు సమీకరణాలు సాధించటానికే నిట్టూర్చే వాళ్ళున్నారు. ఇక్కడ 144 సమీకరణాలను ఒకేసారి సాధించాలి!

మరి పూర్వం ఎలా చేసేవారు? మనం భద్రాచలం పోవాలంటే సారపాక దగ్గర గోదావరి మీది వంతెన దాటుతాం గదా. దాన్ని 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. ఆ రోజుల్లో మన దేశం మొత్తం మీద ఉన్న కంప్యూటర్లు బహు కొద్ది. ఇంజనీర్ల బల్ల మీద ఉండేవి స్లైడ్ రూలూ, సంవర్గమాన పట్టికలూ, పెన్సిలూ. అమెరికాలో హార్డీ క్రాస్ అనే ఆచార్యుడు 1930లో ఒక ఉపాయం ప్రకటించాడు. సమీకరణాలన్నీ ఒక్కసారిగా సాధించకుండా, ఒక్కొక్క కణుపునూ వదులుతూ బిగిస్తూ, తప్పును కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవచ్చునని అందులో చూపించాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ప్రపంచమంతటా ఆ ఉపాయంతోనే మేడలు లేచినవి. మన భద్రాచలం వంతెన 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరదనూ, 2022 జులైలో 71.3 అడుగుల వరదనూ చూసింది. అక్కడ 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. చేతిలెక్కలు చిన్నచూపు చూడదగినవి కావు సుమా!

కంప్యూటర్లు వచ్చాక 144 సమీకరణాలు రెప్పపాటు పని అయినవి. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ విల్సన్ అనే ఆచార్యుడు 1970లో ఇలాంటి ప్రోగ్రాము ఒకటి తయారుచేసి దానికి ‘శాప్’ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో ఆ మాటకు తెలివితక్కువవాడు అనే అర్థం కూడా ఉన్నది. ఆయన కావాలనే ఆ పేరు పెట్టాడు. యంత్రానికి సొంత బుద్ధి లేదనీ, జవాబుకు పూచీ ఇంజనీరుదేననీ వాడేవాళ్ళకు గుర్తుండాలని ఆయన ఉద్దేశం. తన బిడ్డకు తానే అలాంటి పేరు పెట్టిన పెద్దమనిషిని నేను మరొకరిని ఎరగను! ఇప్పుడు మన ఇంజనీర్లు ఎక్కువగా వాడే స్టాడ్, ఇటాబ్స్ అనేవి కూడా ఈ తరహావే.

మీరు మొదలుపెట్టటానికి అంత పెద్దవి అక్కరలేదు. బ్రెజిల్ దేశంలో మార్తా అనే ఆచార్యుడు విద్యార్థుల కోసం ‘ఎఫ్‌టూల్’ అనే చిన్న ప్రోగ్రాము తయారుచేశాడు. చదువు కోసం దాన్ని ఉచితంగా వాడుకోవచ్చును. ఇంట్లోనో బళ్ళోనో కంప్యూటరు ఉంటే పెద్దవాళ్ళ చేత పెట్టించుకోండి. అందులో మన 8 మీటర్ల దూలాన్ని గీయండి. ఏ ప్రోగ్రామైనా మిమ్మల్ని అడిగేవి ఇవే: కణుపులు ఎక్కడ ఉన్నవి, వాటిని కలిపే దూలాలు ఏవి, అవి దేనితో చేసినవి, ఎంత లావు, కింద ఆధారాలు ఎక్కడ, బరువు ఎంత, ఏ దిక్కుకు. అన్నీ చెప్పి మీట నొక్కితే జవాబు వస్తుంది.

మొదటిసారి అందరూ తడబడేది కొలతల దగ్గర. యంత్రం బరువును కిలోన్యూటన్లలో అడుగుతుంది. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల బరువు. మీటరుకు 20 కిలోలంటే 0.2 కిలోన్యూటన్ కూడా పూర్తిగా కాదు. 20 అని కొట్టారా, గుంజ మీద 100 కిలోలకు బదులు పది టన్నులు పడుతవి! యంత్రం కిమ్మనదు. రెండవ తడబాటు దిక్కు దగ్గర. పైకి ఉన్న దిక్కును స్టాడ్‌లో మామూలుగా వై అంటారు, ఇటాబ్స్‌లో జెడ్ అంటారు. బరువు కిందికి గనక ముందు రుణ గుర్తు ఉండాలి. ఆ చిన్న గీత మరిస్తే ఇసుక దూలాన్ని ఆకాశానికి ఎత్తుతుంది. అందుకే మీట నొక్కకముందే కాగితం మీద 30, 100, 30 అని రాసుకుని కూర్చోవాలి.

ఇదంతా ముసలి మాస్టరి చాదస్తం అనుకునేరు! అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఆటలకోసం పెద్ద భవనం కట్టారు. సుమారు 110 మీటర్ల పొడవూ 91 మీటర్ల వెడల్పూ ఉన్న దాని ఇనుప కప్పుకు లెక్కలన్నీ కంప్యూటరే కట్టింది. కప్పును పైకి ఎత్తినప్పుడు అది లెక్కలో చెప్పినదానికి రెండింతలు వంగింది. పనివాళ్ళు ఆ సంగతి చెప్పారు. అలాంటి తేడాలు సహజమేనని జవాబు వచ్చింది. 1978 జనవరి 18 తెల్లవారుజామున, మంచు బరువుకు ఆ కప్పు యావత్తూ కూలిపోయింది. అంతకు కొద్ది గంటల ముందే ఆట చూసి సుమారు 5000 మంది ఇళ్ళకు వెళ్ళారు! తరవాత విచారిస్తే తేలిందేమంటే, పై వరసలోని ఇనుప కమ్మీలు నడుమ ఊతం ఉన్నట్టుగా లెక్కలో ఉన్నవి. నిజం కప్పులో ఆ ఊతం సరిగా లేదు. యంత్రం తన లెక్క తప్పు చేయలేదు, లేని కప్పుకు లెక్క కట్టింది. దూలం వంగుతున్నదని కంటితో చూసినవాళ్ళ మాట వింటే సరిపోయేది.

నార్వే దేశంలో మరొకటి జరిగింది. సముద్రంలో నూనె తీసే స్లైప్నర్ అనే వేదిక కాంక్రీటు అడుగుభాగం 1991 ఆగస్టు 23న పరీక్ష జరుగుతుండగా మునిగి ముక్కలయింది. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. కంప్యూటరు ఒక పెద్ద వస్తువుకు లెక్క కట్టేటప్పుడు దాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడదీస్తుంది. అక్కడ గళ్ళు మరీ పెద్దవిగా గీశారు. అందుచేత గోడలో కోత బలం ఉండవలసిన దానికంటే 47 శాతం తక్కువగా కనిపించింది. తరవాత జాగ్రత్తగా చూస్తే 62 మీటర్ల లోతున గోడ పగలాలని లెక్క తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర!

లెక్క కట్టటం ఒక ఎత్తు, కట్టిన లెక్కకు తగ్గట్టు కాంక్రీటు ఎంత, ఇనుము ఎంత అని నిర్ణయించటం మరొక ఎత్తు. దానికి ఐ.ఎస్. 456 వంటి ప్రభుత్వ నియమావళులు ఉన్నవి. బరువు ఒక్కటే చాలదు, గాలినీ భూకంపాన్నీ కూడా చూడాలి. భూకంపం మనకెందుకులే అనకండి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగు వైపు వచ్చిన కంపం మన జిల్లాలో కూడా తెలిసింది. ఇల్లు కట్టించే తల్లిదండ్రులకు ఒక మాట: ‘పక్క ఇంటికి వేసినంత ఇనుమే వేశాం’ అనే మాట లెక్క కాదు. లెక్క కాగితాలు అడిగి తీసుకుని, ఇంటి మొత్తం బరువు ఎంత వచ్చిందో, పునాదులన్నీ మోసే మొత్తం ఎంత వచ్చిందో ఇంజనీరును అడగండి. రెండూ సమానం కావాలి. ఇది మీ పిల్లలు కూడా చూసి చెప్పగలరు.

ఇక మీ ఇంటిపని. అదే 8 మీటర్ల దూలం, అదే గుంజ. ఈసారి ఇసుక ఎడమ సగం మీద మాత్రమే పరవండి. అంటే 80 కిలోలు. ముందు కాగితం మీద మీ ఊహ రాసుకుని, తరవాత యంత్రాన్ని అడగండి. కొలతలు సరిగా ఇస్తే ఎడమ ఒడ్డు 35, గుంజ 50, కుడి ఒడ్డు రుణ 5 అని వస్తుంది. కూడితే 80 సరిపోయింది. కాని రుణ 5 కిలోలు మోయటమేమిటి? కుడి కొస పైకి లేవబోతున్నది, దాన్ని ఎవరో 5 కిలోల బలంతో కిందికి లాగి పట్టుకోవాలన్నమాట. దూలాన్ని అక్కడ తాడుతో కట్టినట్టు యంత్రం అనుకున్నది. మీ కాలువ గట్టు మీద దూలం ఊరికే ఆనించి ఉన్నదా, కట్టి ఉన్నదా? సొంత బరువుతో అది గట్టును వదలకుండా ఉంటుందా? వెళ్ళి చూసి రండి.